ఏ తుపాకీ? యువ రచయితకు ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా తుపాకుల గొడవ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఆవేశం ఉంది, ఉండాల్సిందే. కానీ మొదటి పేరాలోనే "తుపాకీ" తొమ్మిదిసార్లు వచ్చింది. అది ఏ తుపాకీయో ఒక్కసారీ చెప్పలేదు. సంగతి తెలిసినవాడు అక్కడే చదవడం ఆపేస్తాడు.

మీట నొక్కి పట్టుకుంటే తూటాలు వరసగా దూసుకుపోయేది ఆటోమేటిక్. 1986 మే 19 తర్వాత తయారైన అలాంటిది అక్కడ మామూలు పౌరుడికి దొరకదు. నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా మాత్రమే వెళ్లేది సెమీ ఆటోమేటిక్. ఏఆర్-15 అనే రైఫిల్ ఈ రెండో రకం. ఏఆర్ అంటే "అసాల్ట్ రైఫిల్" అని రాశావు, కొట్టెయ్. అది ఆర్మలైట్ అనే కంపెనీ పేరు.

మాట తేడా చట్టాన్నే ఎలా బోల్తా కొట్టిస్తుందో "అసాల్ట్ వెపన్స్" మీద కేంద్రం పెట్టిన 1994 నిషేధంలో చూడు. విడదీసే మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) ఉన్న రైఫిల్‌కి పిస్టల్ పిడి, మడత బట్ (భుజానికి ఆనించే భాగం), బాయ్‌నెట్ (మొనకు బిగించే కత్తి) తగిలించే కొక్కెం లాంటివి ఏ రెండున్నా నిషేధం అన్నారు. తయారీదారులు కొక్కెం కోసేశారు, బట్ మడవకుండా బిగించారు, అదే రైఫిల్‌ని మళ్లీ అమ్మకానికి పెట్టారు. పది తూటాలు మించిన కొత్త మ్యాగజైన్ల మీద పెట్టిన కట్టడి అంతకంటే అర్థవంతమైనది, కానీ నీ వ్యాసంలో దాని ఊసే లేదు. 2004లో చట్టం గడువు తీరింది, మళ్లీ పొడిగించలేదు.

"కూరగాయలు కొన్నంత తేలిక" అన్న వాక్యం కూడా తీసెయ్. మన కలెక్టరేట్ లైసెన్సును మనసులో పెట్టుకుని రాస్తే ఇలాగే తప్పుతాం. అక్కడి కేంద్ర చట్టంలో లైసెన్సు ఉండాల్సింది అమ్మే దుకాణానికి. ఇలినాయ్ లాంటి కొన్ని రాష్ట్రాల్లోనే కొనేవాడికీ కార్డు కావాలి. కొనేవాడు, తాను కొనడానికి అర్హుణ్ణేనని రాసిచ్చే 4473 అనే ఫారం నింపుతాడు. దుకాణదారు కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నడిపే తనిఖీ వ్యవస్థను అడుగుతాడు. వచ్చే జవాబు మూడింట్లో ఒకటి: ఇవ్వొచ్చు, ఇవ్వొద్దు, ఆగు. తిరకాసంతా ఆ "ఆగు"లోనే. మూడు పనిదినాల్లో ఏ సంగతీ తేలకపోతే, ఇవ్వాలో వద్దో దుకాణదారు ఇష్టం. 2015 జూన్‌లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడి చేతికి పిస్టల్ వచ్చింది ఈ సందులోంచే. ఇరవై ఒకటి నిండనివాళ్ల విషయంలో 2022 చట్టం ఈ గడువును పది పనిదినాల దాకా పొడిగించే వీలిచ్చింది. ఇక దుకాణం కాకుండా ఒకే రాష్ట్రంలో ఇద్దరు మామూలు మనుషుల మధ్య జరిగే అమ్మకానికి కేంద్రం తనిఖీ అడగదు. అడగాలో వద్దో రాష్ట్రాలు తేల్చుకున్నాయి. నీ వాదనకు బలం ఇక్కడ దొరుకుతుంది, కూరగాయల్లో కాదు.

ఆయుధాల హక్కు గురించిన అమెరికా రాజ్యాంగం రెండో సవరణను నువ్వే అనువదించావు, మెచ్చుకోవాలి. 1791 నాటి ఇరవై ఏడు మాటలవి. మొదటి సగం మిలీషియా, అంటే పౌరసేన గురించి, రెండో సగం ఆయుధాలుంచుకునే ప్రజల హక్కు గురించి. మూలంలో ఆ రెండింటినీ కలిపే "కనుక" లేదు. నువ్వు పెట్టావు. తెలుగు వాక్యం అది లేకుండా నిలబడదు, నిజమే. కానీ ఆ అతుకు ఎంత గట్టిది అన్నదే 2008లో అక్కడి సుప్రీం కోర్టు తేల్చిన హెల్లర్ కేసులో తగువు. మొదటి సగం హక్కుకు హద్దు గీయదని అయిదుగురు జడ్జీలు, గీస్తుందని నలుగురు. నీ "కనుక" నలుగురి పక్షాన నిలబడింది! రెండు సగాలనూ రెండు వాక్యాలుగా విడగొట్టి, మధ్య అతుకు మీద పేచీ ఉందని చెప్పు. మొదటి సగం వదిలేస్తే అయిదుగురి పక్షం చేరినట్టే. అన్నట్టు, అదే తీర్పు ఈ హక్కు హద్దుల్లేనిది కాదనీ అంది. చాలామంది ఆ పేజీ దాకా వెళ్లరు.

తుపాకీ యజమానులను "పిచ్చివాళ్లు" అనేశావు. వాళ్ల భయం జాబితా గురించి: ఈరోజు పేరు రాసుకున్న ప్రభుత్వం రేపు ఇంటికొచ్చి లాక్కుంటుందని. ఆ భయంతోనే కేంద్రం తుపాకుల జాబితా పెట్టకూడదని 1986 చట్టంలో రాయించుకున్నారు. ఒప్పుకోనక్కర్లేదు, కానీ వాళ్ల మాట వాళ్లు చెప్పినట్టే పెట్టి తర్వాత ఖండించు.

"కాల్పుల్లో 48,830 మంది బలి" అన్న శీర్షిక మార్చాలి. 2021 లెక్క సరిగ్గానే ఇచ్చావు. కానీ అందులో 26,328 ఆత్మహత్యలు, 20,958 హత్యలు. "కాల్పులు" అనగానే మన పాఠకుడికి కనిపించేది బడి, మాల్. సగానికి పైగా చావులు ఆత్మహత్యలేనని ఆ మాట చెప్పనివ్వదు.

చివరగా, మనవాళ్లు తప్పకుండా అడిగేది: మేం కొనొచ్చా? హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ కేంద్ర చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు వస్తే ఈ అడ్డు తొలగుతుంది. ఆ పేరా అచ్చుకు వెళ్లేలోపు అక్కడి లాయరు ఒకరికి చూపించు. చదివినవాడు దుకాణానికి బయల్దేరితే, 4473 మీద సంతకం పెట్టేది వాడే.