ముక్కలో ముక్క

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. 2/3 × 3/4 ఇస్తే పైవి పైవాటితో, కిందవి కిందవాటితో గుణించి 6/12 అనేస్తుంది. ‘గుణిస్తే పెరగాలి కదమ్మా, తగ్గిందేమిటి?’ అంటే నాకు జవాబు తోచడం లేదు. ఒక గుండ్రాన్ని మూడు ముక్కలు, పక్కన ఇంకో గుండ్రాన్ని నాలుగు ముక్కలు చేసి అక్కడే ఆగిపోతున్నాం.
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఆపేసింది ఆ రెండు గుండ్రాలేనండి. పక్కపక్కన రెండు బొమ్మలు కూడికకు పనికొస్తాయి. గుణకారానికి బొమ్మ ఒక్కటే, అదీ దీర్ఘచతురస్రం.

ముందు × గుర్తును ‘లో’ అని చదివించండి. 1/2 × 1/4 అంటే పావులో సగం. కొట్లో అరపావు అని అడుగుతామే, అదే: కిలోలో 1/8, అంటే 125 గ్రాములు. ముక్కలో ముక్క తీస్తే తగ్గక ఏమవుతుంది! అలాగే 2/3 × 3/4 అంటే ముప్పావులో మూడింట రెండు వంతులు. అంటే బొమ్మ మొదలయ్యేది రెండో భిన్నంతో.

ఏ4 కాగితాన్ని పూర్ణా మార్కెట్‌లో కొన్న మామిడి తాండ్ర అనుకోండి. పొడవును సగానికి, మళ్ళీ సగానికి మడిస్తే నాలుగు నిలువు పట్టీలు. మూడింటికి పసుపు రంగు వేయించండి. ఇప్పుడు అడ్డంగా మూడు భాగాలు. కంటి అంచనాతో మడిస్తే ఒకటి లావు, ఒకటి సన్నం అవుతాయి. ఏ4 వెడల్పు 21 సెం.మీ. కాబట్టి 7 దగ్గర, 14 దగ్గర స్కేలుతో గీయడమే మేలు. పై రెండు వరుసల్లో పసుపు గళ్ళ మీద నీలం గీతలు పెట్టించండి. అలాంటి గళ్ళు 6, మొత్తం గళ్ళు 12. జవాబు 6/12, అంటే సగం.

పిల్లలు తప్పేది ఎక్కువగా లెక్కపెట్టేటప్పుడే. అడ్డగీతలు పసుపు దగ్గరే ఆపేస్తే తెల్ల పట్టీ ఒకే ముక్కగా మిగిలి 6/10 వస్తుంది. గీత ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పోవాలి. తెల్ల పట్టీని పూర్తిగా మరిచిపోతే 6/9. అప్పుడు తప్పని కొట్టేయకండి. ‘ఇది పసుపులో ఎన్నో వంతు? మొత్తం తాండ్రలో ఎన్నో వంతు?’ అని విడివిడిగా అడగండి. 6/9 మొదటిదానికి సరైన జవాబే.

హారాలను ఎందుకు గుణిస్తామో కాగితమే చెబుతుంది: 4 పట్టీలు, 3 వరుసలు, 12 గళ్ళు. నీలం పడినవి 3 పట్టీల్లో 2 వరుసలు, 6.

ప్రశ్న: పైన ఉన్న 3, కింద ఉన్న 3 కొట్టేస్తాం కదా, దాన్ని బొమ్మలో చూపగలమా?
– ఒక టీచరు, మధురవాడ

జవాబు: పై కాగితంతోనే చూపవచ్చు. పసుపు పట్టీలు ఇప్పటికే మూడు. వాటిలో మూడింట రెండు వంతులంటే రెండు పట్టీలు, అడ్డగీతల అవసరమే లేదు. నాలుగు పట్టీల్లో రెండు, 2/4. కొట్టేయడమంటే ఇదే. 2/3 × 4/5 దగ్గర మాత్రం ఇది కుదరదు. నాలుగు పట్టీలు మూడు సమాన వాటాలు కావు కనుక అడ్డగీతలు గీసి 8/15 లెక్కపెట్టాల్సిందే. రెండు లెక్కలూ పక్కపక్కనే చేయించండి.