ఇరవయ్యో అంతస్తులో గాలి

అమ్మలూ,

మామయ్య ఆశీస్సులు. బాబుకి ఉబ్బసం కాబట్టి, పైన గాలి శుభ్రంగా ఉంటుందని కూకట్‌పల్లిలో ఇరవయ్యో అంతస్తు ఫ్లాటే తీసుకుంటామన్నావు. అడ్వాన్స్ కట్టే ముందు ఒక పని చెయ్యి. ఈ డిసెంబరులోనే ఓ రోజు పొద్దున్నే ఆరున్నరకి ఆ బాల్కనీలో నిలబడి చూడు.

బేగంపేటలో వాతావరణ బెలూన్లు వదిలిన ఏళ్లలో నేను ఎన్నోసార్లు చూశాను. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడాలి. చలికాలం తెల్లవారుజామున మాత్రం కొంత ఎత్తు దాకా వెచ్చబడుతూ పోయేది. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలినీ చల్లబరుస్తుంది. ఆ చల్లగాలి బరువుగా ఉండి పైకి లేవదు. బండ్ల పొగ, చెత్త తగలబెట్టిన పొగ అన్నీ అందులోనే చిక్కుకుపోతాయి. ఆ పొర ఒక్కోసారి వంద, రెండొందల మీటర్లే ఉంటుంది. ఇరవయ్యో అంతస్తు సుమారు అరవై మీటర్లు. అంటే మీరూ ఆ పొరలోనే ఉంటారమ్మా.

ఎండెక్కాక నేల వేడెక్కి గాలిని కలియబెడుతుంది. మధ్యాహ్నానికి పొగ కలిసే పొర కిలోమీటరు దాటుతుంది, పొగ పలచబడుతుంది.

ఎత్తు వల్ల లాభమే లేదనను. రోడ్డు మీద లేచే ముతక దుమ్ము, సైలెన్సర్ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు కింది అంతస్తుల్లోనే ఎక్కువ. పీఎం 2.5 అనే సన్నటి ధూళి అలా ఆగదు. 2010 మార్చిలో ఇస్రో శాస్త్రవేత్తలు మన హైదరాబాద్ నుంచే బెలూన్‌కి పరికరాలు కట్టి పంపితే, నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున కూడా మసి పొర కనిపించింది!

ఓజోన్ అనే వాయువు సంగతి వేరు. రోడ్డు దగ్గర బండ్ల నైట్రిక్ ఆక్సైడ్ దాన్ని కొంత తినేస్తుంది, పైన అంతగా తినదు. ఉబ్బసం ఉన్న పిల్లాడికి ఓజోన్ మంచిది కాదు.

అందుకే మెయిన్ రోడ్డు మీదున్న ఇరవయ్యో అంతస్తు కన్నా, రోడ్డుకి దూరంగా వెనక బ్లాకులో ఎనిమిదో అంతస్తే నాకు నయమనిపిస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కిటికీలు పదకొండు తర్వాత తెరిచి, నాలుగున్నరకల్లా మూసెయ్యి. ఎండాకాలం పొద్దున్నే తెరిచి, మధ్యాహ్నం మూసి ఉంచు. ఓజోన్ అప్పుడే ఎక్కువ.

ఫ్లాట్ చూడ్డానికి వెళ్లే ముందురోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. చలిలో బాబుని మాత్రం తీసుకురాకు.

మీ మామయ్య