నికెల్ ఉత్ప్రేరకం రోజురోజుకూ మెరుగుపడుతోందా? ముందు ఇనుమును అనుమానించండి

క్షార ద్రావణంలో నికెల్ హైడ్రాక్సైడ్ పూతతో నీటి నుంచి ఆక్సిజన్ తీస్తున్నాననీ, నానబెట్టిన కొద్దీ కరెంటు పెరుగుతోందనీ రాశారు. పూత స్ఫటిక నిర్మాణం మారడమే కారణమా అని అడిగారు. దాని జోలికి వెళ్లే ముందు మీ పొటాషియం హైడ్రాక్సైడ్ సీసా మీద ఇనుము ఎంతని రాసి ఉందో చూడండి. పది లక్షల్లో ఒక వంతుకన్నా తక్కువ ఇనుము ఉన్నా ఫలితం తారుమారవుతుంది.

నేను పరిశోధన చేసింది ఈ పూతల మీదే. వోల్టేజీకి కరెంటు ఎలా మారుతోందో చూపే గ్రాఫ్ చేతికి రాగానే ఆక్సిజన్ కరెంటు కన్నా ముందు నికెల్ శిఖరాన్ని, అంటే నికెల్ ఆక్సీకరణ చెందేటప్పుడు కరెంటులో వచ్చే ఎత్తును, చూడటం నాకు అలవాటు. వోల్టేజీని హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి చెప్పే రివర్సిబుల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ కొలమానంలో అది సుమారు 1.4 వోల్టుల దగ్గర వస్తుంది. ఇనుము చేరేకొద్దీ ఆ శిఖరం ఎక్కువ వోల్టేజీ వైపు జరుగుతుంది, కుంగుతుంది కూడా. అటు ఆక్సిజన్ మాత్రం తక్కువ వోల్టేజీకే మొదలవుతుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే నాకు ఇక పెద్దగా సందేహం ఉండదు.

ఇది కొత్త సంగతి కాదు. నికెల్ ఆక్సైడ్ పూతల మీద ఇనుము మలినాల ప్రభావాన్ని కారిగన్ అనే పరిశోధకుడు 1987లోనే చూపించారు. 2014లో ఓరెగాన్ విశ్వవిద్యాలయంలోని బోచర్ బృందం ఇనుము తీసేసిన ద్రావణంలో పరీక్షిస్తే, ఎంత నానబెట్టినా నికెల్ పూత మెరుగుపడలేదు. అంతకుముందు నిర్మాణ మార్పుకు దక్కిన ఘనత చాలావరకు ఇనుముదేనని తేలింది.

ద్రావణాన్ని శుద్ధి చేయడం కష్టమేమీ కాదు. స్వచ్ఛమైన నికెల్ లవణం నుంచి హైడ్రాక్సైడ్‌ను అవక్షేపించి, బాగా కడిగి, మీ ద్రావణంలో వేసి కుదపండి. కొన్ని గంటలు వదిలేస్తే ఇనుమును అదే పట్టుకుంటుంది. ఆకుపచ్చ మడ్డిని సెంట్రిఫ్యూజ్‌లో వేరుచేసి పై ద్రవాన్ని వాడండి. అన్నీ ప్లాస్టిక్ పాత్రలలోనే చేయండి. క్షారం గాజును తినేస్తుంది, గాజులోని ఇనుము మళ్లీ ద్రావణంలోకి దిగుతుంది.

శుద్ధి చేసిన ద్రావణంలో కరెంటు పెరగడం ఆగిపోతే, అందులోనే చిటికెడు ఇనుము లవణం కలిపి మళ్లీ కొలవండి. కరెంటు ఒక్కసారిగా ఎగిస్తే కారణం తేలినట్టే. అప్పుడు ఇనుమును మీరే కొలిచి కలిపి పూత తయారుచేయండి. ఇరిడియం వంటి అరుదైన లోహం అవసరం లేకుండా క్షారంలో నికెల్, ఇనుములా ఇంత బాగా పనిచేసే జోడీలు చాలా తక్కువ, అందుకే నాకు ఇదంటే ఇంత ఇష్టం. ఇనుము కలపక ముందు, కలిపాక వచ్చిన రెండు గ్రాఫులూ నికెల్ శిఖరం కనిపించేలా ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.