మీ ప్రశ్న – మా జవాబు: టవర్ల గేటు ముందు సైకిళ్లు, కార్లు

ప్రశ్న: నార్సింగి వైపు నుంచి సైకిలు మీద ఆఫీసుకు వెళ్తాను. ఓఆర్‌ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. అది దిగి కోకాపేట లోపలికి వచ్చాక దారంతా టిప్పర్లు, రెడీమిక్స్ (కలిపిన కాంక్రీటు తెచ్చే) లారీలే. ఎడమ అంచు పట్టుకుని పోతే క్షేమమేనా?

జవాబు: కాదు. అంచుకు అతుక్కుని పోవడమే అసలు ప్రమాదం. 2023 అక్టోబరులో మొదలైన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ వెడల్పు 4.5 మీటర్లు. అక్కడ మీకు మీ దారి ఉంది. కింద రోడ్డు మీద ఎవరూ ఇవ్వరు, మీరే తీసుకోవాలి.

లారీ ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు భాగం మీకు దూరంగా వెళ్లినట్టే ఉంటుంది, రెండు సెకన్లలో వెనక చక్రం మీ పక్కన ఉంటుంది. పైగా క్యాబిన్‌కు ఎడమ పక్కన, కింద ఉన్న సైకిలు డ్రైవరుకు కనబడదు. సైటు గేటు దగ్గర, ఫ్రీ లెఫ్ట్ (సిగ్నలుతో పని లేకుండా ఎడమకు తిరిగే చోటు) దగ్గర, లారీ ఆగి ఉన్నా సరే దాని ఎడమ సందులోకి దూరకండి. వెనక ఐదారు మీటర్లు వదిలి, దాని అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించే చోట ఆగండి.

ఏ రోజు ఎక్కువ జాగ్రత్త పడాలో ముందే పసిగట్టవచ్చు. గేటు బయట రెండు మూడు రెడీమిక్స్ లారీలు డ్రమ్ము తిప్పుకుంటూ వరసగా ఉంటే లోపల కాంక్రీటు పోస్తున్నట్టు. కలిపిన రెండు గంటల్లోపు దాన్ని దించేయాలి, మధ్యలో ఆపితే అతుకు పడుతుంది. అందుకే డ్రైవర్లు తొందరలో ఉంటారు. ఒక లారీలో పట్టేది సుమారు 6 ఘనమీటర్లు. 2,000 ఘనమీటర్ల రాఫ్ట్ ఫుటింగ్ (భవనమంతటి కిందా ఒకే పలకగా పోసే పునాది) అంటే 330 పైచిలుకు ట్రిప్పులు! ఆ వరసను దాటడానికి ముప్పై మీటర్ల ముందే వెనక్కి చూసి, చెయ్యి చూపి, లేన్ మధ్యలోకి రండి. ఆఖరి క్షణంలో పక్కకు జరగొద్దు. ఆగిన లారీకి, మీకు మధ్య మీటరున్నర ఉండాలి, తలుపు తెరుచుకుంటుంది.

ప్రశ్న: సైటు ముందు ఒక లేన్ మూసేశారు. రాత్రి రెండు డ్రమ్ములు, ఒక తాడు తప్ప లైటు లేదు. కారు వాళ్లు దగ్గరికొచ్చాక గానీ చూడరు. అసలు ఎలా ఉండాలి?

జవాబు: గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు క్షేమంగా ఆగడానికి 80 మీటర్లు కావాలని మన రోడ్ల ప్రమాణాలు లెక్కగడతాయి. 40 అయితే 45 మీటర్లు. కాబట్టి మొదటి హెచ్చరిక బోర్డు మూసిన చోట కాదు, దానికి చాలా ముందే ఉండాలి. తర్వాత బారికేడ్లు ఏటవాలుగా లేన్‌ను కొద్దికొద్దిగా కుదించాలి. ఆ తర్వాతే పని స్థలం, చివర మళ్లీ పూర్తి రోడ్డు. మీరు రాసిన చోట మొదటి రెండూ లేవు. తాడుకు రాత్రిపూట అర్థమే లేదు. బారికేడ్లకు రిఫ్లెక్టర్ పట్టీ, మలుపు మొదట్లో మెరిసే ఎర్ర లైటు ఉండాలి.

ఫిర్యాదు చేసేటప్పుడు “లైట్లు లేవు” అని ఒక్క ముక్క రాస్తే అది అటకెక్కుతుంది. సైటు బోర్డు మీది అనుమతి నంబరు, తేదీ, సమయం, రాత్రి తీసిన ఫొటో జతచేసి మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగానికీ, ట్రాఫిక్ పోలీసులకూ రెండు చోట్లా ఇవ్వండి.

ప్రశ్న: మా టవర్లలో వెయ్యికి పైగా ఫ్లాట్లు. వంద అడుగుల రోడ్డు ఉందని బిల్డర్ ధీమా. గేటు పని ఇంకా మొదలుకాలేదు. మేం ఏం అడగాలి?

జవాబు: సరైన సమయంలో అడిగారు. హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చనే లెక్క) పరిమితి లేదు, ఎత్తును కట్టడి చేసేది ప్రధానంగా ముందున్న రోడ్డు, చుట్టూ వదిలే ఖాళీ. 2012 నిబంధనల్లో 50 మీటర్లు దాటిన భవనానికి 30 మీటర్ల రోడ్డు అడిగారు. అయితే ఆ వంద అడుగుల్లోనే ఫుట్‌పాత్, డ్రైనేజీ, డివైడర్ కూడా ఉంటాయి. బండ్లు నడిచేది మిగిలినదాంట్లోనే.

పొద్దున ఒక గంటలో 600 కార్లు బయటికొస్తాయనుకోండి, ఆరు సెకన్లకు ఒకటి. మీ గేటు ముందు సైకిలు దాటే దారి ఆ ఆరు సెకన్లలోనే ఉంది. బూమ్ బారియర్‌ను (కార్లను ఆపే, పైకి లేచే అడ్డకర్రను) రోడ్డంచున పెడితే లోపలికి వచ్చే మొదటి కారే ఫుట్‌పాత్ మీద, రెండోది రోడ్డు మీద నిలబడుతుంది. బారియర్ కనీసం 30 మీటర్లు లోపల పెట్టించండి, ఐదు కార్లు లోపలే ఆగుతాయి.

సెల్లార్ ర్యాంపు వాలు 1:8. అంటే 3.5 మీటర్లు దిగడానికి 28 మీటర్ల పొడవు కావాలి. చోటు చాలక ర్యాంపును గేటు దాకా లాగేస్తే, పైకి వచ్చే డ్రైవరుకు బానెట్, ఆకాశం తప్ప ఏమీ కనబడవు. పైన ఒక కారు పొడవైనా చదునుగా ఉండాలి. గేటుకు అటూ ఇటూ మూడు మీటర్ల వరకు ప్రహరీని మీటరు ఎత్తుకు తగ్గించాలి. కుంభాకార అద్దం పెట్టి చేతులు దులుపుకుంటామంటే ఒప్పుకోకండి. అందులో బండి కనిపిస్తుంది గానీ ఎంత వేగంగా వస్తోందో తెలియదు.

ఇంకొకటి, ఫుట్‌పాత్‌ను పగలగొట్టి వాలు చేయనివ్వొద్దు. అది అదే ఎత్తులో సాగాలి, కారే దాని మీదకు ఎక్కి దిగాలి. అక్కడ వేగం దానంతటదే తగ్గుతుంది. గేటు ముందు నున్నటి గ్రానైట్ వేస్తామంటే వద్దనండి, వానలో టూవీలర్లు అక్కడే జారతాయి.

ప్రశ్న: సైకిలుకు వారానికి రెండు పంక్చర్లు. ఏం చేయాలి?

జవాబు: కారణం సైట్ల నుంచి పడే సెంట్రింగ్ మేకులు, బైండింగ్ వైరు ముక్కలు. రోడ్డు చివర మూడడుగుల్లోనే పోగవుతాయి. లోపలికి జరిగి తొక్కండి. 35 మిల్లీమీటర్లు, అంతకన్నా వెడల్పున్న, లోపల పంక్చర్‌ను అడ్డుకునే పట్టీ ఉన్న టైరు వేయించండి. ట్యూబ్ మార్చేముందు టైరు లోపల గుడ్డతో తడమండి. వైరు ముక్క అందులోనే ఉండిపోతే కొత్త ట్యూబూ పది నిమిషాల్లో పోతుంది. సిమెంటు నీళ్లు చైను మీద పడితే ఇంటికి రాగానే కడిగేసి నూనె వేయండి, గట్టిపడితే గీకడమే మిగులుతుంది.