పశువుల ఎంజైముల మీద పరిశోధనకు వెటర్నరీ డిగ్రీ ఉండాల్సిందేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆవులు, గొర్రెల శరీరంలో విషాలను విరిచే ఎంజైముల మీద పరిశోధన చేస్తానంటోంది. వెటర్నరీ చదవకపోతే అటు దారి లేదని బంధువులు అంటున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: దారి ఉందండీ. పశువుకు వైద్యం చేయాలంటే వెటర్నరీ డిగ్రీ తప్పదు. ఎంజైము ఎంత చురుగ్గా పనిచేస్తోందో కొలవడానికి మాత్రం బయోకెమిస్ట్రీ మంచి పునాది.

మీ అమ్మాయి ఎంచుకున్నది చిన్న విషయం కాదు. జొన్న నాము (లేత జొన్న పిలకలు) తిన్న పశువు పొట్టలో సైనైడ్ విడుదలవుతుంది. రోడనీస్ అనే ఎంజైము దానికి గంధకాన్ని జోడించి, విషం బాగా తక్కువగా ఉండే థయోసయనేట్‌గా మారుస్తుంది. అది మూత్రంలో పోతుంది. విషం విరిచేది కాలేయమే అనుకుంటాం కానీ, ఆవుల్లో, గొర్రెల్లో రూమెన్ (నెమరువేసే పశువుల పొట్టలోని పెద్ద అర) లోపలి పొరలో కూడా రోడనీస్ పుష్కలంగా ఉంటుంది. మరి పశువు ఎందుకు చనిపోతుంది? సైనైడ్ వచ్చిపడే వేగానికి గంధకం అందదు. అందుకే చికిత్సలో గంధకాన్ని అందించే సోడియం థయోసల్ఫేట్ ఎక్కిస్తారు. ఏ అవయవంలో ఏ ఎంజైము ఎంత ఉందో తెలిస్తే ప్రాణాలు నిలబడతాయి. నాకు ఈ రంగం మీద గౌరవం అందుకే.

ఉద్యోగాలూ ఇక్కడి నుంచే వస్తాయి. మేకలు ఆల్బెండజోల్ అనే నులిపురుగుల మందును గొర్రెల కన్నా త్వరగా మార్చి బయటికి పంపేస్తాయి. గొర్రె మోతాదు మేకకు చాలదు. ఇలాంటి తేడాలు తేల్చడానికి, మందు వేశాక పాలు, మాంసం ఎన్ని రోజులు వాడకూడదో నిర్ణయించడానికి పశువుల మందుల కంపెనీలకు, అవశేషాల పరీక్ష ల్యాబులకు మనుషులు కావాలి. ఎమ్మెస్సీతో పరీక్షలు చేసే ఉద్యోగం దొరకొచ్చు. సొంత ప్రశ్న మీద పనిచేయాలంటే పీహెచ్‌డీ వరకు వెళ్లాలి, ఆ ఏళ్లకు ఇంట్లో అందరూ సిద్ధపడాలి.

ఆమెకు ఇప్పుడు కావాల్సింది చేతిపని. కబేళా నుంచి తెచ్చిన కాలేయం ముక్కను మంచు మీద ఉంచి, రుబ్బి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కణభాగాలను విడదీయడం రావాలి. మందులను, విషాలను మార్చే సైటోక్రోమ్ పీ450 ఎంజైములు మైక్రోసోముల్లో (కణం లోపలి పొరల ముక్కల్లో) దొరుకుతాయి, రోడనీస్ ఎక్కువగా మైటోకాండ్రియాలో. విషాలను విరిచే మరో ఎంజైము గ్లూటాథయోన్ ఎస్-ట్రాన్స్‌ఫరేజ్‌ను 340 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతితో కొలుస్తారు. ఫలితాన్ని మిల్లీగ్రాము ప్రొటీన్‌కు ఇంత అని లెక్కగట్టకపోతే రెండు అవయవాలను పోల్చలేం.

డిగ్రీ ప్రాజెక్టుగా కాలేయం, మూత్రపిండం, రూమెన్ పొర, ఈ మూడింటిలో రోడనీస్‌ను కొలవమనండి. దగ్గర్లోని వెటర్నరీ కాలేజీలో ఫార్మకాలజీ, టాక్సికాలజీ విభాగం వారిని అడిగితే నమూనాల విషయంలో దారి చూపగలరు. ఆ రక్తం, వాసన, ఒకే పరీక్షను పదేపదే చేయడం ఆమెకు విసుగు పుట్టించకపోతే ఎమ్మెస్సీకి ధైర్యంగా పంపండి.