గాయపడిన కాపరిని వెంటనే ప్రసంగానికి పిలవకండి

ప్రశ్న: కమిటీ గొడవల్లో మా పాస్టరు గారు రెండేళ్ల కిందట సంఘం వదిలేశారు. ఇప్పుడు ఏ మందిరానికీ వెళ్లడం లేదట. మళ్లీ వాక్యం చెప్పమని పిలవాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి? – ఒక సంఘ పెద్ద

జవాబు: ముందు బాకీలు చూడండి. ఆగిపోయిన జీతం, ఇల్లు ఖాళీ చేయించిన తీరు, ఆయన మీద పుట్టిన పుకార్లు. తప్పు సంఘానిదైతే పెద్దలు ఇంటికెళ్లి, అమ్మగారి (పాస్టరు గారి భార్య) ఎదుటే క్షమాపణ అడగాలి. ఆమె గాయాన్ని చాలా సంఘాలు అసలు లెక్కలోకే తీసుకోవు.

బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయంలో చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత రెండుసార్లు భోజనం పెట్టాడు, నిద్రపోనిచ్చాడు. కొత్త పని ఆ తర్వాతే. మీ పాస్టరు గారికి కూడా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరుకు చూపించాలి. చావు మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మీ కమిటీతో సంబంధం లేని పెద్ద కాపరి ఒకరు వారానికో గంట ఆయన మాట వినాలి, ఆ మాటలు మీకు చేరవేయకూడదు. కనీసం ఆరు నెలలు ప్రసంగం వద్దు. ఆయనకు ఇష్టమైతే ముందు ఆసుపత్రి పరామర్శలు, గృహ ప్రార్థనలు. ఆపైన నెలకొక ప్రసంగం. తొందరపడి సంఘం ముందు తన అనుభవాన్ని సాక్ష్యంగా చెప్పిస్తే పాత గాయం అందరిముందూ రేగుతుంది.

డబ్బు దుర్వినియోగమో, లైంగిక వేధింపో జరిగి ఉంటే ఈ దారి వర్తించదు. అక్కడ బాధితులూ చట్టమూ ముందు.