మీ ప్రశ్నలు: సర్వర్ అద్దెదైనా ఫర్వాలేదు, ఖాతా మాత్రం మీ పేరునే ఉండాలి

ఆన్‌లైన్ వ్యాపారం, క్లౌడ్ గురించి ఈసారి చాలా ఉత్తరాలొచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. వ్యాపారం సంగతులు కాబట్టి ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: మాది చీరాల. ఇంట్లోనే చేనేత చీరలు అమ్ముతాను. ఇన్నాళ్లూ వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ మీదే నడిపాను. ఇప్పుడు రోజుకి పది పదిహేను ఆర్డర్లు వస్తున్నాయి, ఎవరు డబ్బులు వేశారో, ఎవరికి ఏ చీర పంపానో లెక్క తప్పిపోతోంది. వెబ్‌సైట్ చేయించుకుందామంటే ఒకబ్బాయి "సర్వర్ తీసుకోవాలి మేడమ్, అంతా క్లౌడ్‌లో పెట్టేస్తాను" అని పెద్ద మొత్తమే చెప్పాడు. నాకు అంత అవసరమా సార్?

జవాబు: అంత అవసరం లేదమ్మా. అసలు మీరు ఇప్పుడు చేస్తున్నది కూడా క్లౌడ్ మీదే. మీ ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలు, వాట్సాప్ కేటలాగ్, యూపీఐ చెల్లింపుల వివరాలు ఇవన్నీ ఎక్కడో డేటా సెంటర్లలోని కంప్యూటర్లలో, అంటే సర్వర్లలో ఉన్నాయి, మీరు ఫోన్లోంచి వాటిని వాడుకుంటున్నారు, అంతే. 2006లో అమెజాన్ కంపెనీ తన స్టోరేజీనీ సర్వర్లనీ బయటివాళ్లకి వాడినంతకే లెక్కగట్టి అద్దెకివ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆన్‌లైన్ షాపు పెట్టాలంటే చాలామందికి సర్వర్ కొనడం, దానికి ఏసీ గది, యూపీఎస్, చూసుకోవడానికో మనిషి, ఇన్ని కావాల్సి వచ్చేవి. చిన్న ఊళ్లలో ఎవరూ ఆ జోలికి పోకపోవడానికి ఇదొక కారణం. ఇప్పుడా అడ్డం పోయింది, నాకు ఈ మార్పులో అన్నిటికంటే నచ్చేదీ అదే.

అయితే ఈ అద్దెలో రకాలున్నాయి. ఉత్త సర్వర్ తీసుకుని అందులో అన్నీ మనమే పెట్టుకోవడం ఒకటి. షాపు మొత్తం తయారుగా ఉన్న సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా చందా కట్టుకోవడం ఇంకొకటి. షాపిఫై గానీ, మన జోహో వాళ్ల కామర్స్ గానీ ఈ రెండో రకం. ఫొటోలు, ధర, స్టాకు, పేమెంటు, కొరియర్ వివరాలు అన్నీ ఒకచోటే ఉంటాయి, సర్వర్ సంగతి వాళ్లే చూసుకుంటారు. రోజుకి పదిహేను ఆర్డర్లకి మీకు ఇది ధారాళంగా సరిపోతుంది. ముందు నెలవారీ ప్లాన్ తీసుకుని రెండు మూడు నెలలు నడిపి చూడండి, నచ్చితే అప్పుడు ఏడాదికి కట్టండి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. డొమైన్, అంటే మీ సైట్ పేరు, మీ ఈమెయిల్‌తో, ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చేలా, మీ పేరు మీదే రిజిస్టర్ అవ్వాలి. చేసిపెట్టేవాళ్లు పని త్వరగా అయిపోతుందని తమ ఖాతాలోనే కొనేస్తుంటారు. ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు. కానీ రెండేళ్ల తర్వాత అతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి నంబర్ మారిస్తే, రెన్యువల్ చేయమని వచ్చే మెయిల్ అతని పాత ఐడీకి పోతుంది, మీకు తెలిసేసరికి సైట్ తెరుచుకోదు, మీ విజిటింగ్ కార్డుల మీద, చీరల కవర్ల మీద వేయించిన పేరు ఇంకొకళ్లు కొనుక్కున్నా మీరు చేయగలిగింది చాలా తక్కువ. షాపు సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే, ఓనర్ లాగిన్ మీది, అతనికి స్టాఫ్ లాగిన్ ఇవ్వండి. పని అయ్యాక అది తీసేయొచ్చు. ఇక కొన్నవాళ్ల పేర్లు, నంబర్లు, ఏమేం కొన్నారో నెలకోసారి ఎక్సెల్ ఫైలుగా దించుకుని మీ దగ్గర పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఆ లిస్టు పోతే మళ్లీ మొదటినుంచీ కూడబెట్టుకోవాలి. జీఎస్టీ సంగతి సైట్ మొదలుపెట్టకముందే మీ ఆడిటర్‌ని అడిగేయండి.

ప్రశ్న: ఆత్రేయపురం నుంచి రాస్తున్నాం. పూతరేకులు, స్వీట్లు ఆన్‌లైన్లో పంపిస్తాం. పోయిన దీపావళికి యూట్యూబ్‌లో ఎవరో మా గురించి వీడియో పెట్టారు, ఆ సాయంత్రం సైట్ పడిపోయింది. లేచాక చూస్తే ఉన్న బాక్సులకంటే ఎక్కువ ఆర్డర్లు తీసేసుకుంది. క్లౌడ్‌కి మారితే ఇది ఉండదని చెబుతున్నారు, నిజమేనా?

జవాబు: సగం నిజం. మీకు రెండు జబ్బులున్నాయి, క్లౌడ్ ఒకదానికే మందు.

సైట్ పడిపోవడం పెద్దపెద్దవాళ్లకీ జరిగింది. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ మొదటి బిగ్ బిలియన్ డే పెట్టినప్పుడు జనం ఒక్కసారిగా వచ్చిపడి సైట్ మొరాయించింది, వస్తువులు కనబడుతూనే అయిపోయాయి, మర్నాడు వ్యవస్థాపకులు కస్టమర్లకి క్షమాపణ మెయిల్ రాయాల్సి వచ్చింది. క్లౌడ్‌లో ఉంటే పెళ్లికి కుర్చీలు టెంట్ హౌస్ నుంచి తెచ్చుకున్నట్టు ఆ పండగ వారం నాలుగు సర్వర్లు ఎక్కువ పెట్టుకుని, అయిపోయాక తీసేయొచ్చు. ఏడాది పొడవునా వాటికి డబ్బు కట్టక్కర్లేదు. రద్దీని చూసి సర్వర్లు వాటంతటవే పెరిగే ఏర్పాటు కూడా ఉంటుంది.

కానీ దాన్ని గుడ్డిగా నమ్మకండి. 2019 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్‌తో సెమీఫైనల్ హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 2.53 కోట్ల మంది చూశారు. ధోనీ రనౌట్ అవ్వగానే జనం బయటికి పోవడం మొదలైంది. చూసేవాళ్లు తగ్గితే సర్వర్లకి హాయే కదా అనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కు. అందరూ బ్యాక్ బటన్ నొక్కితే హోమ్ పేజీ తెరుచుకుంటుంది, ఆ పేజీ ఒక్కొక్కరికీ వాళ్లకి తగ్గట్టు తయారవ్వాలి, అంటే వీడియో చూపించే సర్వర్లు ఖాళీ అవుతున్న నిమిషంలోనే హోమ్ పేజీ సర్వర్ల మీద కోట్ల మంది వచ్చిపడతారు. కొత్త సర్వర్ లేచి పనిలో పడటానికి కొంత టైమ్ పడుతుంది, ఇలాంటి పోటు అంతసేపు ఆగదు. అందుకే వాళ్లు అవసరమయ్యాక పెంచుదాంలే అనుకోకుండా ముందుగానే సర్వర్లు సిద్ధం చేసి పెట్టుకున్నారు. మీరూ పండగకి రెండ్రోజుల ముందే పెంచమని మీ డెవలపర్‌కి చెప్పండి. ఫొటోలన్నీ సీడీఎన్ మీద, అంటే వాటి కాపీలు వేర్వేరు చోట్ల ఉంచి చూసేవాళ్లకి దగ్గరున్నచోటి నుంచి పంపే సర్వీసు మీద పెట్టించండి, మీ సైట్ బరువులో ఎక్కువ భాగం ఆ ఫొటోలే అయి ఉంటాయి.

రెండో జబ్బు, లేని బాక్సులు అమ్మేయడం. ఇది క్లౌడ్ తీర్చదు. ఒక్క బాక్సే మిగిలిందనుకోండి. రాజమండ్రిలో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు ఒకే సెకనులో "కొనండి" నొక్కారు. మీ ప్రోగ్రామ్ ఇద్దరికీ స్టాకు చూసింది, ఇద్దరికీ "1" కనబడింది, ఇద్దరినీ పేమెంట్ పేజీకి పంపింది. డబ్బు ఇద్దరి దగ్గరా కట్ అయింది. సర్వర్లు పెంచితే ఈ తప్పు ఇంకా వేగంగా జరుగుతుంది, అంతే తేడా. చేయాల్సింది ఏమిటంటే, కొనండి నొక్కగానే ఆ బాక్సును పది నిమిషాలు ఆ మనిషి పేరున ఆపాలి, స్టాకు చూడటం, తగ్గించడం రెండూ డేటాబేస్‌లో ఒకే దెబ్బలో జరగాలి, పది నిమిషాల్లో డబ్బు రాకపోతే మళ్లీ అమ్మకానికి వదలాలి. ఈ మాటలే మీ డెవలపర్‌కి చదివి వినిపించండి, అతనికి అర్థమవుతుంది. అర్థం కాకపోతే ఇంకొకర్ని చూసుకోవాల్సిందే.

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది చిన్న స్టార్టప్. మొదట్లో క్లౌడ్ కంపెనీవాళ్లు క్రెడిట్లు, అంటే కొంత మొత్తం దాకా ఊరికే వాడుకునే వీలు ఇచ్చారు, ఉచితమే అనుకున్నాం. ఇప్పుడు నెలనెలా బిల్లు చూస్తే టెన్షన్. కస్టమర్లు పెరగలేదు, బిల్లు పెరిగింది.

జవాబు: బిల్లు మొత్తం చూడకండి, వరసలు వరసలుగా విప్పి చూడండి. అందులో మీరు వాడనివి కనబడతాయి. టెస్టింగ్ కోసం పెట్టి, శని ఆదివారాలు కూడా ఆపకుండా వదిలేసిన సర్వర్లు. సర్వర్ తీసేసినా మిగిలిపోయిన డిస్కులు, ఎప్పటివో స్నాప్‌షాట్లు, అంటే ఆ డిస్కుల పాత కాపీలు. ఐపీ అడ్రసుకి, అంటే నెట్‌లో మీ సర్వర్‌ని గుర్తుపట్టే నంబరుకి కూడా డబ్బే, అమెజాన్ క్లౌడ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి బయటికి కనబడే పాత రకం (పబ్లిక్ ఐపీవీ4) అడ్రసు ప్రతిదానికీ గంటకి 0.005 డాలర్లు పడుతోంది. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, నెలంతా కలిపితే ఒక్కోదానికి మూడున్నర డాలర్ల పైమాటే, అలాంటివి పాతిక ఉంటే లెక్క మీరే వేసుకోండి. డేటా లోపలికి పంపడానికి సాధారణంగా ఛార్జీ ఉండదు, బయటికి తీస్తే ఉంటుంది, ఇది చాలామంది గమనించరు. పైన 18 శాతం జీఎస్టీ. ఇంత దాటితే మెయిల్ రావాలి అని బడ్జెట్ అలర్ట్ ఈ రోజే పెట్టుకోండి, అయిదు నిమిషాల పని.

ఇంకో మాట. క్లౌడ్ ఎప్పుడూ చవక అనేది నిజం కాదు. రద్దీ పెరుగుతూ తగ్గుతూ ఉండేవాళ్లకి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి చవక. ఏడాది పొడవునా ఒకేలా వాడేవాళ్లకి లెక్క తిరగబడొచ్చు. జనం ఫైళ్లు దాచుకునే డ్రాప్‌బాక్స్ తన డేటాలో ఎక్కువ భాగాన్ని సొంత మెషీన్లకి మార్చుకుని రెండేళ్లలో దాదాపు 7.5 కోట్ల డాలర్ల నిర్వహణ ఖర్చు తగ్గించుకుంది. బేస్‌క్యాంప్ అనే ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ చేసే 37సిగ్నల్స్ కంపెనీ కూడా 2022లో క్లౌడ్ వదిలేస్తున్నామని బాహాటంగా ప్రకటించింది, ఆ ఏడాది వాళ్ల క్లౌడ్ బిల్లు 32 లక్షల డాలర్లు. మీరు సర్వర్లు కొనేయండని కాదు, మీకు చూసుకునే మనుషులు లేరు. నెలకి ఫిక్స్‌డ్ రేటుకి వచ్చే మామూలు వీపీఎస్, అంటే ఒక పెద్ద సర్వర్‌లో అద్దెకిచ్చే ఒక వాటా, మీ పనికి సరిపోతుందేమో ఒకసారి చూడండి.

ప్రశ్న: వరంగల్‌లో మందుల హోల్‌సేల్ మాది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆన్‌లైన్‌కి మార్చుకున్నాం. నెట్ పోతే కౌంటర్ ఆగిపోతోంది. పైగా ఈ ఏడాది ఆ కంపెనీ వాళ్లు చందా బాగా పెంచేశారు, వదిలేద్దామంటే మా డేటా అంతా వాళ్ల దగ్గరే ఉంది.

జవాబు: మీ ఉత్తరం చదివాక నిజంగా కోపం వచ్చింది. మీ లెక్కలు మీవి, వాటిని పట్టుకుని రేటు పెంచడం ఏ వ్యాపారానికీ మర్యాద కాదు.

ముందు డేటా బయటికి తీసుకోండి, రేటు గురించి మాట్లాడేది ఆ తర్వాతే. ఎక్స్‌పోర్ట్ ఉందని చెబితే సరిపోదు. పోయిన సంవత్సరం బిల్లు ఒకటి తీసుకుని, వాళ్లిచ్చిన ఫైల్లో అది వెతకండి. బ్యాచ్ నంబర్ ఉందా, ఎక్స్‌పైరీ తేదీ ఉందా, ఆ పార్టీ బాకీ మీ కాగితంతో కలుస్తోందా? కొందరు పీడీఎఫ్‌లు ఇచ్చి ఇదే ఎక్స్‌పోర్ట్ అంటారు, వేరే సాఫ్ట్‌వేర్‌లోకి అది ఎక్కదు. ఎక్సెల్ గానీ సీఎస్‌వీ (ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదవగలిగే మామూలు పట్టిక ఫైలు) గానీ కావాలని మెయిల్‌లో అడగండి, ఫోన్లో వద్దు, రాతలో ఉండాలి. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇంకో సంగతి, కంపెనీ లెక్కల రోజువారీ బ్యాకప్ మన దేశంలోని సర్వర్‌లో ఉండాలని 2022లో నిబంధన వచ్చింది, అది ఎక్కడుందో కూడా అదే మెయిల్‌లో అడగండి.

నెట్ పోయే సమస్యకి రెండో కనెక్షన్ పెట్టుకోండి, కనీసం ఫోన్ హాట్‌స్పాట్ అయినా. అంతకంటే ముఖ్యం, నెట్ లేకపోయినా కౌంటర్లోని కంప్యూటర్లో బిల్లు కొట్టి, వచ్చాక పైకి పంపే సాఫ్ట్‌వేర్లున్నాయి, అలాంటిదే తీసుకోండి. మీ నెట్ బాగున్నా అవతలివాళ్లది ఆగిపోయే రోజులుంటాయి. 2025 అక్టోబరు 20న అమెరికాలో వర్జీనియాలోని అమెజాన్ కేంద్రంలో ఒక డీఎన్‌ఎస్ ఎంట్రీ, అంటే పేరుని బట్టి సర్వర్ అడ్రసు చెప్పే నమోదు, పొరపాటున ఖాళీ అయిపోయింది, దాంతో స్నాప్‌చాట్, రోబ్లాక్స్ లాంటివి ప్రపంచమంతా గంటలకొద్దీ పనిచేయలేదు. మందుల కోసం వచ్చినవాళ్లని అన్ని గంటలు నిలబెట్టలేం కదా.

ప్రశ్న: బీకాం ఫైనలియర్. హైదరాబాద్‌కి, వైజాగ్‌కి పెద్ద డేటా సెంటర్లు వస్తున్నాయంటున్నారు. క్లౌడ్ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందా?

జవాబు: అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం తెరిచింది, విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. కానీ డేటా సెంటర్ భవనం పూర్తయ్యాక లోపల పనిచేసే మనుషులు పెట్టుబడితో పోలిస్తే తక్కువే. ఉద్యోగాలు ఎక్కువగా ఉండేది వాటిని వాడుకునే కంపెనీల్లో. పైన స్టార్టప్ వాళ్ల ప్రశ్న చదివావా? ఆ బిల్లు విప్పి చూసి ఎక్కడ డబ్బు పోతోందో చెప్పేవాళ్లు చాలా కంపెనీలకి కావాలి, దీన్ని ఫిన్‌ఆప్స్ అంటున్నారు. నీకు లెక్కలు వచ్చు, సర్వర్లలో వాడే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్కింగ్ బేసిక్స్ నేర్చుకుని, ఆ తర్వాతే క్లౌడ్ సర్టిఫికెట్‌కి వెళ్లు. ఉద్యోగం గ్యారంటీ అని ముందే వేలకి వేలు కట్టించుకునేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకు.

ప్రశ్న: మా సైట్లో మళ్లీమళ్లీ కొనేవాళ్ల కోసం కార్డు నంబర్లు మా క్లౌడ్ ఖాతాలోనే దాచుకోవచ్చా?

జవాబు: వద్దు. 2022 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ దీన్ని ఒప్పుకోవడం లేదు. కార్డు నంబరు బదులు వాడే టోకెన్ అనే కోడ్, మీ ఆన్‌లైన్ చెల్లింపులు చూసే పేమెంట్ గేట్‌వే ద్వారా వస్తుంది, కస్టమర్ ఒప్పుకుంటే దానితోనే పని జరుగుతుంది. పాత నంబర్లు ఎక్కడైనా మిగిలి ఉంటే, బ్యాకప్ ఫైళ్లలో ఉన్నవాటితో సహా, ఈ వారమే చెరిపించేయండి.